గుమ్మం పక్కనుంచి కనిపించే టీవీ

మల్కాజ్‌గిరి,
15-6-2025, ఆదివారం.

మబ్బుగా ఉంది, వాన రాలేదు. పొద్దున వెనక గదికి సున్నం రెండో పూత వేశాను.

లోవమ్మక్కకు తమ్ముడు వరహాలబాబు నమస్కారాలు. నేనూ దేవీ బాగున్నాం. నీ చెవులు ఎలా ఉన్నాయని అడగను. అడగొద్దని పోయిన ఉత్తరంలో రాశావు.

నిన్న మీ మరిది కొడుకు వాసు ఫోన్ చేశాడు. తునిలో మీ అద్దె ఇంటివాళ్లు ఇల్లు అమ్ముతున్నారని, శ్రావణం దాటేలోపు నిన్ను ఖాళీ చేయమన్నారని చెప్పాడు. బావ పోయాక నువ్వు ఒక్కదానివే ఆ వాటాలో ఉంటున్నావు కాబట్టి గాజువాకలో తన దగ్గరికి వచ్చేయమని అడిగాడట. నువ్వేమన్నావని అడిగాను. "పెద్దమ్మ ఆలోచిస్తానంది మావయ్యా" అన్నాడు. నువ్వు అన్నది ఫోనులో మాకు చెప్పేటప్పుడు వాసు తన మాటలు కొన్ని కలుపుతాడని నువ్వే రాశావు. నాతో మాట్లాడదామంటే ఫోనులో నీకు వినపడదు. అందుకని ఎప్పటిలాగే ఉత్తరం.

ఒక విషయం నిన్ను అడగాలి. మా పాత డబ్బా టీవీలో మనుషులు ఆకుపచ్చగా వస్తున్నారు. కొత్తది కొంటున్నాం. ఇప్పుడు దొరికేవన్నీ గోడకు తగిలించే పలకల్లాంటివే. వాటిలో మళ్లీ ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ అని రకాలు. మోండా మార్కెట్‌లో మా స్టీలు సామాన్ల కొట్టుకు వచ్చేవాళ్లను అడిగాను. ఒక్కొక్కరు తాము కొన్నదే మంచిదన్నారు.

ఏది తీసుకోవాలో నువ్వు చెప్పాలి. టీవీలో నువ్వు ఏం చూస్తావు, ఎంతసేపు చూస్తావు, ఎక్కడ కూర్చుని చూస్తావు, వివరంగా రాయి. తొందరేమీ లేదు. కానీ ఈ నెలలో రాయి.

దేవి అడిగానని రాయమంది.

తమ్ముడు
వరహాలబాబు


తుని,
23-6-2025.

వరహాలుకీ దేవికీ అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మొదట మబ్బు, తర్వాత సున్నం, ఆ తర్వాత నేను. నువ్వు రోజూ రాసుకునే లెక్కల పుస్తకంలోంచి కాగితం చించి పంపావేమోనని వెనక్కి తిప్పి చూశాను.

సున్నం వేశారంటే వెనక గది అద్దెకిస్తున్నారన్నమాట. మంచిదే. మౌలాలి వైపు రైల్వేవాళ్లెవరైనా దొరుకుతారేమో చూడండి. కుదురుగా ఉంటారు.

టీవీ సంగతి నన్ను అడగడమేటిరా. నాకు సొంత టీవీ ఎప్పుడుంది? ఇంటివారమ్మాయి సీతామహాలక్ష్మి దగ్గర చూస్తాను. గుమ్మం పక్కన పీట వేసుకుంటాను. కాపురానికొచ్చిన కొత్తలో మావగారు హాల్లో ఉండేవారు కదా, ఎదురుగా కూర్చోకూడదని గుమ్మం చాటునుంచి చూసేదాన్ని. ఆయన పోయినా నా నడుం అటే వాలుతోంది. ఈ పిల్ల ముందుకొచ్చి కూర్చోమని రోజూ సైగ చేస్తుంది. నేను వెళ్లను. పక్కనుంచి చూస్తే ఆ టీవీలో మొహాలు కడిగేసినట్టు పాలిపోయి ఉంటాయి. పెళ్లికొడుకు కూడా జ్వరం వచ్చి లేచినవాడిలా ఉంటాడు.

నాకు మొహాలతో పని లేదు. వార్తలు పెట్టమంటాను. వాళ్లు మాట్లాడేది వినపడదు కానీ కింద పట్టీలో అక్షరాలు పరుగెడతాయి, అవి చదువుకుంటాను. పొద్దుట్నుంచీ అదే ఛానెల్. సీతామహాలక్ష్మికి సీరియల్ వేళయితే లేచి వచ్చేస్తాను. ఇదీ నా టీవీ. దీంతో నీకేటి ఒరిగిందో రాయి.

వాసు మళ్లీ వచ్చాడు. మంచివాడే. వాళ్లిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే పిల్లలను బడి బస్సెక్కించడం, వంట, గ్యాస్ బండ వస్తే తీసుకోవడం ఉంటాయన్నాడు. గంట మోగితే నాకు వినపడదు కదా అన్నాను. గంట నొక్కితే వెలిగే లైటు దొరుకుతుందట, అది పెట్టిస్తానన్నాడు. అన్నీ ఆలోచించాడు. నేను అవుననలేదు, కాదనలేదు. నువ్వేమంటావో రాయి.

అక్క
లోవమ్మ


మల్కాజ్‌గిరి,
29-6-2025, ఆదివారం.

రాత్రి వాన పడి పొద్దునకు తెరిపిచ్చింది. వెనక గది కిటికీకి కొత్త గొళ్లెం బిగించాను.

అక్కకు నమస్కారాలు. నీ ఉత్తరం చాలా ఉపయోగపడింది.

నిన్న కొట్టు నుంచి వస్తూ సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక టీవీల దుకాణానికి వెళ్లాను. విజయేందర్ అనే అతను చూపించాడు. ఎదురుగా నిలబడి చూస్తే అన్నీ ఒకేలా బాగున్నాయి. అందుకని పక్కకు వెళ్లి స్తంభం దగ్గర నేల మీద కూర్చుని చూశాను.

"ఏం సార్, కాళ్లు గుంజుతున్నయా? కుర్సీ తెప్పియ్యాల్నా?" అన్నాడు.

అక్కర్లేదన్నాను.

"టీవీ ముంగట కూసోని చూస్తరు సార్. గిట్ల పక్కకెల్లి ఎవలు చూస్తరు?"

చూసేవాళ్లున్నారన్నాను. అతను కూడా వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. "నిజమే సార్, గీడికెల్లి వేరే దుకాణం లెక్క కొడుతుంది" అన్నాడు.

అక్కడ పెట్టిన క్యూఎల్‌ఈడీ ఎదురుగా చూస్తే పెళ్లిపందిరిలా ఉంది. పక్కనుంచి చూస్తే మీ సీతామహాలక్ష్మి టీవీయే. ఓఎల్‌ఈడీ మాత్రం ఎటునుంచి చూసినా ఒకేలా ఉంది. అందులో ప్రతి చుక్కా దానంతటదే వెలుగుతుందట. అది తీసుకుందామనుకుని, పొద్దుట్నుంచి ఒకే వార్తల ఛానెల్ పెట్టి ఉంచితే ఏమైనా అవుతుందా అని అడిగాను.

"దినమంతా ఒక్క ఛానెలేనా సార్?"

ఒక్కటే అన్నాను.

"అట్లయితే జెర సోంచాయించుండ్రి. కింద పట్టీ ఒక్కతాన్నే ఉంటది గద. ఏండ్లు గడిస్తే దాని మచ్చ పడొచ్చు. నేనైతే చెప్పి అమ్ముత, మల్ల మీరు వచ్చి నన్ను తిట్టొద్దు."

అందుకని ఏమీ కొనకుండా వచ్చేశాను.

వాసు విషయంలో ఏమంటావని అడిగావు. వాసు మంచివాడు. నువ్వు మాత్రం తొందరపడి మాటివ్వకు. ముందు టీవీ సంగతి తేలనీ.

తమ్ముడు
వరహాలబాబు


తుని,
7-7-2025.

వరహాలుకీ దేవికీ అక్క దీవెనలు.

దుకాణంలో నేల మీద కూర్చుండిపోయావని చదివి రెండు రోజులు మనసు బాగాలేదు. మోకాళ్లు అంత పట్టేశాయని ముందే ఎందుకు రాయలేదు? హైదరాబాద్ బస్సు నడిపే మా వీధి అబ్బాయి చేత నువ్వుల నూనె సీసా పంపుతున్నాను. కొంచెం కర్పూరం వేసి గోరువెచ్చగా కాచి రాయమను. దేవికి తీరిక లేకపోతే నువ్వే రాసుకో.

ఒకే వార్తల ఛానెల్ రోజంతా చూస్తానని ఆ అబ్బాయితో చెప్పావట. నువ్వు వార్తలు ఎప్పటినుంచి చూస్తున్నావు? మోకాళ్లు కదలకపోతే మనిషికి అలాంటి అలవాట్లే వస్తాయి. అలా కూర్చుండిపోకు.

ఇల్లు కొనేవాళ్లు వచ్చి కొలతలు తీసుకున్నారు. నేను వంటింట్లో ఉండగానే వంటింటిని కూడా కొలిచారు. నన్ను కొంచెం పక్కకు జరగమని సైగ చేశారు, జరిగాను. నేను నా ఇంటి సంగతి అడిగితే నువ్వు టీవీ సంగతి తేలనీ అంటావు. ఏటో నాకు అర్థం కాలేదు.

మొన్న అమ్మ గుర్తొచ్చింది. నాన్న పోయాక పుట్టింటికి వెళ్లాలని ఎంత ఉన్నా, అత్తయ్య నోటి నుంచి పిలుపు రాలేదని గడప దాటలేదు. ఆడపడుచును మరదలే పిలవాలి, తనంతట తాను వెళ్తే చులకన అనేది. మావయ్య ఎన్నిసార్లు వచ్చి బియ్యం, పప్పు ఇచ్చి వెళ్లినా పిలుపు కింద లెక్కపెట్టలేదు. ఎందుకు రాస్తున్నానో తెలీదు, గుర్తొచ్చింది రాశాను.

అవునూ, మీ ముందు గదిలో నవారు మంచం ఇంకా ఉందా? నేను మీ ఇంటికొస్తే దాని మీదే కదా పడుకునేదాన్ని. ఆ మంచం మీద నాకు నడుం నొప్పి తెలిసేది కాదు.

వాసు ఆదివారం లోపు చెప్పమన్నాడు. ఇంకో వారం ఆగమన్నాను.

అక్క
లోవమ్మ


మల్కాజ్‌గిరి,
13-7-2025, ఆదివారం.

ఎండ, మధ్యాహ్నం చిన్న జల్లు. వెనక గది బాత్‌రూములో గోడకు పట్టుకునే కడ్డీ బిగించాను. సిమెంటు ఆరాలి.

అక్కకు నమస్కారాలు. నూనె అందింది. దేవి తలకు రాసుకుంటోంది, బాగుందంది.

ఇవాళ లష్కర్ బోనాలు. సికింద్రాబాద్ వెళ్లే బస్సులన్నీ దారి మళ్లించారు. అయినా మొన్న శుక్రవారమే టీవీ కొనేశాను, ఇబ్బంది లేదు. మామూలు ఎల్‌ఈడీయే. కానీ అందులో ఐపీఎస్ ప్యానెల్ అని ఒక రకం ఉంది. విజయేందర్ దాచకుండా చెప్పాడు.

"దీంట్ల నలుపు మంచిగ రాదు సార్. చీకటి సీనుంటే జెర బూడిద రంగు కొడతది. గని పక్కకెల్లి చూస్తే రంగు మారది."

మాకు చీకటితో పని లేదు, అక్షరాలు కనిపిస్తే చాలన్నాను. యాభై అయిదు అంగుళాలది తీసుకున్నాను. దుకాణంలో మా హాలు పొడవు అడుగులు వేసి, అక్కడ కూర్చుని, కింద పట్టీ చదివి చూశాను. నేను అలా వెళ్లడం నాలుగోసారి. "పిల్లను చూసేటోళ్లు సుత గిన్నిసార్లు రారు సార్" అన్నాడు విజయేందర్.

నవారు మంచం ఉందా అని అడిగావు. లేదు. తీసేశాం. టీవీకి ఎదురుగా ఖాళీ ఉండాలి కదా. కింద వాటా ఎల్లమ్మ పట్టుకెళ్లింది. తీసుకెళ్తూ, "ఏందన్నా, మంచం నాకిస్తున్నవ్, రేపు చుట్టాలొస్తే యాడ పండుకుంటరు?" అని అడిగింది. చుట్టాలెవరూ రావడం లేదని చెప్పాను.

వాసు విషయం నీ ఇష్టం. నిన్ను బలవంతపెట్టేవాళ్లం కాదు.

తమ్ముడు
వరహాలబాబు


తుని,
19-7-2025.

శ్రీ వరహాలబాబు గారికి,

మీ ఉత్తరం అందినది. విషయములు తెలిసినవి.

వాసుకు సరేనని చెప్పాను. ఆగస్టు రెండో తారీకు శనివారం వ్యాను తీసుకొని వస్తాడు. సామాను పెద్దగా లేదు.

చుట్టాలెవరూ రావడం లేదని ఎల్లమ్మ గారికి మీరు చెప్పినది నిజమే. రారు. ఆమెకు ఆ మంచం మీద మంచి నిద్ర పట్టాలి.

కొత్త టీవీ మీ దంపతులకు అచ్చిరావాలని కోరుతూ,

లోవమ్మ


మల్కాజ్‌గిరి,
24-7-2025, గురువారం.

వాన. పని ఏమీ చేయలేదు.

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివి క్యాలెండరు వెనక పెట్టాను. దేవి తీసి చదివింది. తర్వాత జరిగింది జరిగినట్టు రాయమని ఎదురుగా కూర్చుంది. రాస్తున్నాను.

"ఇన్ని రోజులూ మీ అక్కకి ఏటి రాశారు?" అంది.

అన్నీ రాశానన్నాను.

"రమ్మని రాశారా?"

టీవీ గురించి రాశానన్నాను.

"అది కాదు. రమ్మని రాశారా?"

"పిలవాల్సింది నువ్వు కదా. గది పూర్తయ్యాక పిలుస్తావనుకున్నాను" అన్నాను.

"బాగుంది వరస. మొదటి ఉత్తరంలోనే నా మాటగా పిలిచేసుంటారనుకుని నేను వంటింట్లో డబ్బాలన్నీ కింది అరలోకి దించాను, ఆవిడకి అందాలని. వదిన ఏం రాసింది అంటే, టీవీ ముచ్చట్లు రాసిందన్నారు. వచ్చే మనిషి కాబట్టి టీవీ ముచ్చట్లు రాస్తోందనుకున్నాను."

"సున్నం వేసిన సంగతి కూడా రాశాను" అన్నాను.

"మగాడు గోడకి సున్నం వేస్తే ఆడపడుచుని పిలిచినట్టేనేటి?" అంది.

అందుకని ఉన్న సంగతి రాస్తున్నాను.

వెనక గది అద్దెకు కాదు. నీకు. గొళ్లెం, కడ్డీ కూడా అందుకే. నువ్వు గుమ్మం పక్కన కూర్చుంటావని రాశావు కాబట్టి పక్కనుంచి రంగు మారని టీవీ వెతికాను. రోజంతా ఒకే ఛానెల్ అన్నావు కాబట్టి ఓఎల్‌ఈడీ మానేశాను. గుమ్మం దగ్గరికి అక్షరాలు కనపడాలి కాబట్టి అంత పెద్దది కొన్నాను. మా ఇద్దరికైతే దానిలో సగం చాలు. మంచం ఎల్లమ్మకు ఇచ్చింది నీకు వెనక గదిలో కొత్తది వేశాం కాబట్టి. చుట్టాలు రావడం లేదన్నది నువ్వు చుట్టానివి కాదు కాబట్టి. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

వాసుకు మాటిచ్చావు. మాట తప్పమని నేను అడగలేను. కింద దేవి రాస్తుంది.

వరహాలు


వదినా,

దేవిని. పిలవాల్సినదాన్ని నేనే, ఆలస్యం చేశాను. మీ తమ్ముడు నోరు విప్పరని తెలిసీ ఆయన కలాన్ని నమ్ముకున్నాను, అది నా తప్పు. మీ మంచం మీద కొత్త దుప్పటి వేసి ఉంది. నేనే పిలుస్తున్నాను. మా ఇంటికి రండి. చూసి వెళ్లడానికి కాదు, ఉండిపోవడానికి. వాసుతో నేను మాట్లాడతాను. పిల్లలకు సెలవులిస్తే వాళ్లనే ఇక్కడికి పంపమంటాను.

ఇంట్లో ఈ పలక వచ్చినప్పటి నుంచి ఈయన గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని వార్తలు చదువుతున్నారు, మాట వినపడకుండా నొక్కేసి. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ఈయనకూ చెవులు పోయాయనుకుంటారు ఎల్లమ్మా వాళ్లు.

దేవి


తుని,
30-7-2025.

వరహాలుకీ దేవికీ అక్క దీవెనలు.

మీ ఉత్తరం సీతామహాలక్ష్మి ముందర చదివాను. చదువుతుండగా నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలీక ఆ పిల్ల మంచినీళ్లు తెచ్చింది.

ఒరే వరహాలూ, టీవీని గోడకు కొట్టకుండా బల్ల మీద పెట్టి గుమ్మం వైపు తిప్పితే సరిపోయేది కదరా. లోకంలో అందరూ అదే చేస్తారు. నాలుగుసార్లు దుకాణానికి వెళ్లినప్పుడు ఒక్కసారీ తోచలేదా? ఆ విజయేందర్‌కైనా తోచలేదా?

చిన్నప్పుడూ ఇంతే నువ్వు. నాకు జ్వరమొస్తే ఎలా ఉందని అడగకుండా మంచం కోడు సరిచేసి వెళ్లేవాడివి. అన్నీ గుర్తుండి కూడా ఆ చుట్టాల మాటకు కోపం తెచ్చుకున్నాను. "గారు" అని రాసినందుకు ఏమీ అనుకోకు. రాస్తున్నప్పుడు బాగానే అనిపించింది.

దేవీ, నీ పిలుపు అందింది. వస్తాను. ఉండిపోతాను. డబ్బాలు మళ్లీ పైకి పెట్టకు.

వాసు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత నువ్వు ఫోనులో ఏం చెప్పావో గానీ తేరుకున్నాడు. పిల్లల కోసం పక్కవీధిలో ఒకావిడను మాట్లాడుకుంటున్నాడు. గంటకు వెలిగే లైటు ముందే కొనేశాడట. పెద్దమ్మా, నువ్వే పట్టుకుపో, మాకందరికీ వినపడుతుంది కదా అన్నాడు. తెస్తున్నాను. మీ ఇంటికి పెట్టుకోండి.

వచ్చే బుధవారం పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగుతాను. వాసు బండెక్కిస్తాడు. వరహాలు స్టేషన్‌కి వస్తే చాలు. ఏమీ మాట్లాడక్కర్లేదు, ఎలాగూ నాకు వినపడదు.

అక్క
లోవమ్మ


మల్కాజ్‌గిరి,
17-8-2025, ఆదివారం.

పొద్దుట్నుంచి ముసురు. గంట లైటుకు కొత్త తీగ లాగి గుమ్మం మీదకు మార్చాను. ఇదివరకు పెట్టిన చోట నీకు తలుపు అడ్డం వస్తోంది.

అక్కకు నమస్కారాలు. ఇది పోస్టులో వేయను. నువ్వు టీవీ చూస్తున్నావు, లేచినప్పుడు ఇస్తాను. గట్టిగా అరిచి చెప్పేకంటే రాయడమే నయమనిపించింది. అలవాటు కూడా.

నువ్వు వచ్చిన రోజే దేవి నిన్ను చెయ్యి పట్టుకుని టీవీకి ఎదురుగా తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఒకటి రెండు రోజులు మొహమాటపడి మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్తావనుకున్నాను. పీట తుడిచి అక్కడే ఉంచాను. నువ్వు వెళ్లలేదు. ఇప్పుడు ఆ కుర్చీ నీదైపోయింది. దేవి నీ పక్కన కూర్చుని కూర తరుగుతోంది. మీరిద్దరూ సైగలతో ఎవరినో తిట్టుకుంటున్నారు. విజయేందర్ చెప్పింది నిజమే, ఎదురుగా చూస్తే నలుపు కొంచెం బూడిదగా ఉంది. నీకు ఇబ్బందిగా ఉంటే చెప్పు. మార్చుకోవచ్చేమో అడుగుతాను.

పక్కనుంచి ఎలా ఉందని నువ్వు అడగలేదు. బాగుంది. పీట మీద నేను కూర్చుంటున్నాను. ఇక్కడినుంచి అక్షరాలన్నీ కనిపిస్తున్నాయి, మొహాలు కూడా పాలిపోలేదు. టీవీలోవాళ్లవే కాదు, మీ ఇద్దరి మొహాలు కూడా ఇక్కడినుంచే...

లైటు వెలిగింది. పాలవాడై ఉంటాడు. నేను లేచేలోపు నువ్వే లేచి వెళ్తున్నావు. పాల గిన్నె మరిచిపోయావు, తెస్తున్నాను.